ఆ బడి ఎక్కడుందమ్మా అని అడిగినందుకు

నా రిటైర్మెంటుకి ముందు ఏడాది, వానాకాలంలో, మా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు నన్ను బి.ఎస్సీ. అగ్రికల్చర్ అడ్మిషన్ల సర్టిఫికెట్ల పరిశీలన కమిటీలో సభ్యురాలిగా వేశారు. అప్పటికి నేను మొక్కల తెగుళ్ల విభాగంలో ప్రొఫెసర్ని. మిరపాకు చూసి తెగులేమిటో చెప్పమంటే చెబుతాను గానీ, గుంటూరు ఉక్కలో కూచుని మార్కుల మెమోలు తిరగేయడమంటే నాకు ఒళ్లుమంట.

ఇంటర్ బైపీసీ పాసై, ఎంట్రన్సులో ర్యాంకుంటే అర్హత ఉన్నట్టే. రైతుబిడ్డల కోటాకి మాత్రం ఇంకో రెండు చూడాలి. తల్లిదండ్రుల పేర పొలం ఉండాలి. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ లేని ఊళ్లో చదివి ఉండాలి. దానికి ఋజువు బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్.

దర్శి దగ్గరి పల్లె నుంచి హారిక అనే అమ్మాయి తండ్రితో వచ్చింది. సర్టిఫికెట్ల ప్రకారం ఎనిమిది దాకా గుంటూరు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఒక పల్లెటూరు. సరిగ్గా నాలుగేళ్లు. ఆమె ర్యాంకుకి ఈ కోటాలో తప్ప సీటు రాదు. అన్నీ సరిపోయాయి. ఊరికే పలకరింపుగా, ఆ బడి ఎక్కడుందమ్మా అన్నాను.

"తెలీదండీ. నేనెప్పుడూ చూళ్లేదు. హాల్ టికెట్ మీద ఆ పేరుంటే అడిగాను. పరీక్షకి అంతేనన్నారు మా సార్లు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. తండ్రి అందుకున్నాడు. "మొత్తం గుంటూరు హాస్టల్లోనేనండి చదివింది. మా ఊరి బడి బాగుండదని చిన్నప్పుడే వేశాం."

టౌన్లో అనుమతికి మించి పిల్లల్ని చేర్చుకుని, మిగిలినవాళ్ల పేర్లు పల్లెల్లో ఉన్న తమ ఇంకో బ్రాంచిలో చూపించడం కొన్ని యాజమాన్యాలకి అలవాటట. ఆ తండ్రికి అబద్ధమాడాలని కూడా తెలియదు.

ఛైర్మన్‌గారు నా వైపు తిరిగి, "ఎందుకడిగారు మేడమ్?" అన్నారు. అడిగాక రాతపూర్వకంగా తీసుకోక తప్పదు. గుంటూరులోనే చదివిందని తండ్రి రాసి సంతకం పెట్టాడు. దాంతో ఆ నాలుగేళ్లూ చెల్లవని తేల్చాం.

"మిరప, పత్తి వేస్తానండి. నేను రైతుని కాదంటారా?" అన్నాడాయన. కాదని ఎవరన్నారు? అమ్మాయికి అర్హత లేదన్నాం, అంతే. ఎంత అన్యాయమైన మాటో ఆ మాట అంటుండగానే తెలిసింది.

తరవాతి అమ్మాయి గుంటూరు డాక్టరుగారి కూతురు. తాతగారి పొలం ఇప్పుడు డాక్టరుగారి పేర ఉంది. అదే బడి, అదే కాలేజీ, అవే నాలుగేళ్లు. మా మాటలన్నీ వెనక కుర్చీలో కూచుని విన్నది. ఈసారి ఆ ప్రశ్న ఛైర్మన్‌గారే వేశారు.

"బస్సు దిగి కాస్త నడవాలండి. పక్కనే మిరపకాయల కల్లం. కోతలప్పుడు క్లాసులో అందరం తుమ్ముతూనే ఉండేవాళ్లం." ఎక్కడా తడబడలేదు.

కాగితాలు సర్దుకుంటున్న హారిక తండ్రి తల తిప్పి చూశాడు. "అదేంటమ్మా, నువ్వు హాస్టల్లో మా హారిక గదిలోనేగా ఉండేది!"

మీరెవరినో చూసి పొరబడ్డారన్నారు డాక్టరుగారు. ఆ అమ్మాయి హారిక వైపు చూడలేదు. హారిక మాత్రం కళ్లార్పకుండా ఆమెనే చూస్తూ నిలబడిపోయింది. ఛైర్మన్‌గారు స్థిమితంగా, సర్టిఫికెటూ అభ్యర్థి మాటా కలిశాయి, పక్కవాళ్ల మాట మనకు ప్రమాణం కాదన్నారు. ఆయన చెప్పింది నిబంధనే. సీటిచ్చాం.

మర్నాటి నుంచి ఆ ప్రశ్న అందరినీ అడిగాం. ఆ బడి తెలియదన్నవాళ్లు ఒక్కరూ లేరు. తనిఖీలో కొత్త ప్రశ్న వేస్తే దొరికేది నిజం చెప్పిన మొదటి మనిషేనని, తక్కినవాళ్లు జవాబు నేర్చుకుని వస్తారని నాకు అప్పుడు తెలిసింది.