భోజనం అయ్యాక చెప్పే మాట

మా పక్కింటి కాల్‌మేన్ తాత గత మంగళవారం పొద్దున్న ఆసుపత్రిలో కన్నుమూశాడు. కోల్‌కతా వైపున్న మా రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్ పేటలో, మా వీధివాళ్ళెవరూ ఆయన్ని పేరుతో పిలిచి ఎరగరు. రిటైరై చాలా ఏళ్ళయినా ఉద్యోగమే ఆయన పేరుగా మిగిలింది.

ఇప్పటి పిల్లలకు కాల్‌మేన్ అంటే తెలియదు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో రైల్వేలో ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఎన్నింటికి రావాలో ఇంటికి వెళ్ళి చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకునే మనిషి. తాత నిమ్‌పురా రైల్వే క్వార్టర్లన్నీ సైకిల్ మీద తిరిగేవాడట. గేటు దాటి లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. ఒక కాలు పెడల్ మీదే ఉంచి, బండి నంబరూ టైమూ రెండేసిసార్లు చెప్పి, ఎదుటివాడి చేత తిరిగి చెప్పించుకునేవాడు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. నేను పక్కనున్న సాలువా వెళ్తున్నానంటే "ఎన్నింటికి వొస్తావు? మళ్ళీ సెప్పు" అనేవాడు. ఆసుపత్రిలో నర్సు చేత కూడా మాత్రల వేళలు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఏ కాగితంలోనూ రాయని పని ఇంకొకటి ఆయన మీద పడింది. రైలు యార్డులో జరగరానిది జరిగినా, మావాళ్ళంతా వలస వచ్చిన శ్రీకాకుళం వైపు ఊళ్ళ నుంచి ఎవరో పోయారని కబురు వచ్చినా, ఆ ఇంటికి ఆయన్నే పంపేవారు. ఆ రోజు మాత్రం సైకిల్‌కి స్టాండ్ వేసి, గేటు తీసుకుని లోపలికి వెళ్ళేవాడు. మంచినీళ్ళు అడిగేవాడు. "భోజనాలయినాయా?" అనేవాడు. కాలేదంటే, తినమని కూర్చునేవాడు. వాళ్ళు చెయ్యి కడుక్కున్నాకే చెప్పేవాడు. చావు కబురు విన్న ఇంట్లో ఇక పొయ్యి వెలగదు, శవం లేచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. దూరపు ఊరైతే రెండు రోజులు. ఆ రెండు రోజులకూ ఒక్క పూట తిండైనా కడుపులో ఉండాలని ఆయన లెక్క.

ఇవన్నీ తాత నాకు చెప్పింది నా చదువు పుణ్యమా అని. బీఎస్సీ అయ్యాక బ్యాంకు కోచింగ్ సగంలో మానేశాను, కోల్‌కతాలో ఒక ఉద్యోగం ఆరు నెలల్లో వదిలేశాను. చివరికి ఇంట్లో కూర్చుని దూరవిద్యలో ఎమ్మే కట్టాను. మరణ అధ్యయనం, నీతిశాస్త్రం. అమ్మ నెత్తి కొట్టుకుంది. "సావుల సదువేటే? సంబంధమొచ్చినోల్లకి ఏటని సెప్పమంటావు?" అంది. వీధి మొత్తం నవ్వింది. తాత మాత్రం "దీనికి ప్రాక్టికల్ ఉంటాదేటి?" అని అడిగాడు.

ప్రాక్టికల్ ఆయనే అయ్యాడు. రెండో సెమిస్టర్‌లో చెడ్డ కబురు చెప్పడం మీద వ్యాసం రాయాల్సి వచ్చింది. వరండాలో ఆయన బూట్లు పాలిష్ చేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని అన్నీ రాసుకున్నాను. తరవాత అది తప్పని తేల్చాను. తన మనిషి పోయాడని తెలుసుకునే హక్కు భార్యదే. ఆమెకు ఏది మంచిదో గుమ్మంలో నిలబడ్డ మూడో మనిషి నిర్ణయించకూడదు. జాలితో చేసినా ఆ గంటసేపు దాచడం దాచడమే. ఇలా రాసుకుపోయాను. మంచి మార్కులే వచ్చాయి. కానీ టీచరు పక్కన ఒక ప్రశ్న రాశారు: కబురు విన్నవాళ్ళను అడిగావా?

అడగలేదు. వ్యాసం తెలుగులో చెప్పి తాతకు వినిపించాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఒకే ఒక్కటి దిద్దాడు.

"గంట కాదమ్మా. మనిషి అన్నం తినడానికి ఇరవై నిమిషాలు. గంటని రాస్తే నేను పెత్తనం సేసినట్టుంటాది."

ఇంకొకటి కూడా చెప్పాడు. డ్యూటీ మాట రెండుసార్లు చెప్పాలి, ఆ మాట ఒక్కసారే చెప్పాలి.

మంగళవారం పొద్దున్న మంచం పక్కన నాన్నా నేనూ ఉన్నాం. రెండు రోజులుగా అక్కడే కూర్చున్న మామ్మను, అంటే తాత భార్యను, స్నానం చేసి నాలుగు మెతుకులు తిని రమ్మని ఇంటికి పంపాం. ఆవిడ వెళ్ళిన గంటకే తాత పోయాడు. పిల్లలు లేరు, ముందుగా చెప్పాల్సింది ఆవిడకే. ఫోన్ తీసి ఆవిడ నంబరు దాకా వెళ్ళాను. నేను రాసిన వ్యాసం ప్రకారం ఆ మీట నొక్కాలి. ఫోన్ బ్యాగులో వేసుకున్నాను. నాన్నను కాగితాల పనికి ఉంచి స్కూటీ మీద బయలుదేరాను. దారి పొడవునా నాతో నేనే వాదించుకున్నాను, గెలవలేదు.

మామ్మ తల తుడుచుకుంటూ ఉంది. పొయ్యి మీద అన్నం ఉడికింది, పక్కన గసగసాలు నూరి వేసిన బంగాళాదుంప కూర, ఆలూ పోస్తో. నేను మంచినీళ్ళు అడిగాను. తాగాక, "తిన్నావా మామ్మా?" అన్నాను.

ఆవిడ తువ్వాలు పట్టుకునే నా వంక చూసింది.

"ఆయన ఎవులికీ తెలీదనుకునీవోడు. నిమ్‌పురా అంతటికీ తెలుసు. సైకిల్‌కి స్టాండేసినాడంటే అందరికీ తెలిసిపోయీది. తెలిసే తినీవోల్లు. ఆ ఇరవై నిమిషాలూ ఇంకా ఏటీ అవనట్టే గదా."

నా వ్యాసం పక్కన ఉన్న ప్రశ్నకు జవాబు అలా వచ్చింది. నేను లేవబోయాను. ఆవిడ కూర్చోమని చెయ్యి చూపించి, రెండు కంచాలు పెట్టింది.

"నువ్వూ తిను. ఆయన ఆల్లింట్లో మంచినీల్లే తాగీవోడు, ఇంటికొచ్చి కూడా ముట్టీవోడు కాడు. ఎన్ని అన్నాలు పారబోసినానో నాకు తెలుసు. నువ్వలగ కాలీ కడుపుతో సెప్పకు."

ఇద్దరం తిన్నాం. ఆవిడ ప్రతి ముద్దా కలుపుకుని, తొందర లేకుండా, మజ్జిగ దాకా తింది. నా గ్లాసులో నీళ్ళు పోసింది. కంచాలు తనే కడిగింది. గ్యాస్ సిలిండర్ దగ్గర వంగి రెగ్యులేటర్ కట్టేసింది. చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు" అంది.

చెప్పాను. ఒక్కసారే.

వంటగట్టు మీద రెండు కంచాలూ బోర్లించి ఉన్నాయి. వాటి అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.