అత్త కారు, ఆయిల్ ట్యాంకు

మా అత్త పోయింది. పోయిన వారం భిలాయి స్మృతి నగర్‌లోని ఆమె ఇంటి నుంచి నాన్న ఫోన్ చేసి, "మీ అత్త పోయిందే. పొద్దున్న టీ చల్లారిపోయిందని పనమ్మాయిని తిట్టింది. కాసేపటికి చూస్తే లేదు" అన్నాడు. దహనం ఎప్పుడో అడిగి ఫోన్ పెట్టేశాను. ఆమె గురించి మెత్తగా మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు యంత్రాలకి ఆయిలు అందించే విభాగంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత చిన్న కారుని విప్పి, బిగించి, ఇంజను బలం పెంచి రేసులకి తీసుకెళ్ళేది. నేను అప్పటికే కాలేజీలో లెక్కలు చెప్తున్నాను. ఆమె దృష్టిలో మాత్రం నాకు స్పానరు పట్టుకోవడం కూడా రాదు. తప్పు సైజుది అందిస్తే కిందపడేసి "మళ్ళీ" అనేది.

మామూలు ఇంజనులో ఆయిలు అడుగున ఉన్న తొట్టిలోనే ఉంటుంది. వేగంగా మలుపు తిప్పితే అదంతా ఒక పక్కకి పోతుంది. పంపు గాలి పీలుస్తుంది, లోపలి బేరింగులు మాడిపోతాయి. అలా ఒక ఇంజను పోగొట్టుకున్నాక అత్త డ్రై సంప్ పెట్టాలని పట్టుబట్టింది. అందులో ఆయిలుని తొట్టిలో నిలవనివ్వరు. పంపు ఎప్పటికప్పుడు తోడేసి, వెనక సీటు తీసేసిన చోట నిలబెట్టిన ట్యాంకులో పోస్తుంది. ఆ ట్యాంకు అడుగు నుంచి ఇంజనుకి అందుతుంది. కారు ఎటు ఒరిగినా ఇంజను ఎండిపోదు.

ఆ ట్యాంకుని అల్యూమినియంతో చేసిపెట్టింది ఊళ్ళోనే ఖుర్సీపార్‌లో దుకాణం ఉన్న ఒక వెల్డరు. వాళ్ళ నాన్న విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చినవాడు. అతను వేసిన అతుకులు అత్త పదేపదే కోయించింది.

"ఇది అతుకేటి? గోడకి పిడక కొట్టినట్టుంది."

"మళ్ళీ ఏస్తాను దీదీ" అని అతను నవ్వేవాడు. చివరికి ఒకరోజు ఆమె ట్యాంకుని అటూ ఇటూ తిప్పి చూసి మాట్లాడకుండా కార్లో పెట్టుకుంది. "ఏటీ అన్లేదు. అంటే బాగున్నట్టే" అని అతను నాతో సంబరంగా అన్నాడు.

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద కారు పరీక్షించినప్పుడు పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టింది. నేను మలుపుకి భయపడి తలెత్తితే, "రోడ్డు చూడకే. రోడ్డు నా పని. నువ్వు సూది చూడు" అని అరిచింది. ఆయిల్ ప్రెషరు సూది కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు పవర్ హౌస్ బజారు దగ్గర ఆపి నాకు గుప్‌చుప్, అదే పానీపూరీ, తినిపించింది. ఆమె నన్ను మెచ్చుకోవడమంటే అదే.

రేసు దక్షిణాదిలో ఒక ట్రాక్ మీద జరిగింది. వెల్డరు కూడా మాతో వచ్చాడు. ముందురోజు ప్రాక్టీసులో ట్యాంకు చూసి ఇద్దరు ముగ్గురు తమకీ చేసిపెట్టమని అతన్ని అడిగారు. అసలు పోటీలో, నాలుగైదు చుట్లు తిరిగాక, ప్రెషరు ఒక్కసారిగా పడిపోయింది. అత్త స్విచ్ కట్టేసేలోపే ఇంజను బిగుసుకుపోయింది. కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. అత్త హెల్మెట్ తీసి అందరి ముందూ వెల్డరు మీద విరుచుకుపడింది.

"నీ అతుకు పగిలింది. పంపు గాలి పీల్చింది. పని రానోడివి, పని వచ్చునని ఎందుకు చెప్పేవు?"

"ఓసారి విప్పి చూడండి దీదీ."

"ఇంకా మాటలేటి నీకు? పో ఇక్కణ్ణించి."

చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు నవ్వారు. ట్యాంకులు అడిగినవాళ్ళు అతని వైపు చూడకుండా వెళ్ళిపోయారు. అతను మాతో రాలేదు. ఒక్కడే రైలెక్కాడు.

భిలాయి వచ్చాక అత్త ట్యాంకు విప్పింది. అతుకులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అడుగున ఆయిలు బయటికి వెళ్ళే రంధ్రంలో ఒక గుడ్డ ఇరుక్కుని ఉంది. పోటీ ముందురాత్రి ట్యాంకు లోపల తుడవడానికి అత్త చింపుకున్న తన పాత చీర ముక్క.

"నాదే" అంది.

"ఎవరికైనా జరుగుతుంది అత్తా."

"ఎవరికైనా కాదు. నాకు జరిగింది. నన్ను బుజ్జగించకు."

మర్నాడు ఆ గుడ్డ పట్టుకుని ఖుర్సీపార్ వెళ్ళింది. నేనూ వెళ్ళాను. "గుడ్డ నాది, తప్పు నాది. నీ అతుకు బాగుంది" అని అతనికి చెప్పింది. బాగుంది అన్న మాట ఆమె నోట మొదటిసారి విన్నాను.

అతను చేతిలో పని ఆపలేదు. "ఆ మాటలు అందరి ముందూ అన్నారు దీదీ. ఇప్పుడిక్కడ ఎవులున్నారు?"

"అందరికీ ఫోన్ చేసి చెప్తాను."

"చెప్పండి. నాకు పనుంది."

అన్నట్టే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. కొందరు నవ్వారు. అతనికి మాత్రం ఆ ట్యాంకుల పని మళ్ళీ రాలేదు. తర్వాత అత్త చాలాసార్లు ఆ దుకాణానికి వెళ్ళింది. అతను ఆమె పని ఒక్కటీ ముట్టుకోలేదు. నేను అతన్ని ఏదో అనబోతే, "వాణ్ణేటీ అనకు. నేనైతే ఇంకా గట్టిగా తిడుదును" అంది.

ఇంజను మార్చినా ఆ ట్యాంకు మార్చలేదు. ఆ తర్వాతి పోటీల్లో కారు ఎక్కడా ఆగలేదు. ఎవరైనా మెచ్చుకుంటే ముందు వెల్డరు పేరు, దుకాణం ఎక్కడుందో చెప్పేది. నాకు లెక్కలు కాలేజీ నేర్పింది. తప్పు చేస్తే నిలబడి నాదే అనడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. అలా అన్నంత మాత్రాన అవతలివాళ్ళు క్షమించాలని లేదని కూడా.

జబ్బుచేసి మంచం పట్టిన చివరి నెలల్లో ఆమె పక్కన నేను ఏడిస్తే, "ఆపీ. నొప్పి నాకు, గోల నీకా?" అంది.

దహనం అయ్యాక వెల్డరుకి నేనే వెళ్ళి చెప్పాను. అతని జుట్టు నెరిసింది.

"ఆ ట్యాంకు ఉందా ఇంకా?"

"ఉంది. మీకు కావాలంటే..."

"నాకెందుకు? తుక్కులో ఏసీండి."

మొహానికి ముసుగు దించుకుని వెల్డింగు రాడ్డు ముట్టించాడు. నాకు తల తిప్పుకునే సమయం కూడా ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కళ్ళు మూసినా తెరిచినా ఆ వెలుగు మచ్చే. డ్రైవరు వీపు మీద, రోడ్డు మీద, ఎదురొచ్చే ప్రతి మనిషి మొహం మీదా పచ్చగా వణుకుతూ ఉండిపోయింది.