పిల్లల కంచంలో మిగిలింది

స్వరాజ్యం వంట ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పదిహేనేళ్ల కిందట భర్త రాజనర్సయ్యకు షుగర్ ఉందని తేలాక, ఏది తింటే ఎంత పెరుగుతుందో ఆయన వేలు గుచ్చి చూసి తెలుసుకుంది. జొన్న మంచిదని నాలుగేసి రొట్టెలు పెట్టి దెబ్బతిన్నది కూడా అప్పుడే. జొన్నైనా ధాన్యమే, కొలత దాటితే ఊరుకోదు.

పొద్దున అమీర్‌పేట మైత్రీవనం వెనక ఆడపిల్లల హాస్టల్లో అరవై మందికి టిఫిన్ చేస్తుంది. సాయంత్రం ఐదింటికి పంజాగుట్టలో మంజూష ఇంటికి వస్తుంది. మంజూష సోమాజిగూడలో ఉద్యోగం ముగించుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. భర్త పనిచేసేది చెన్నైలో. ఇంట్లో ఉండేది మామగారు రామ్మోహనరావు, తొమ్మిదేళ్ల రిషి, ఆరేళ్ల రవళి. రామ్మోహనరావు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగర్.

ఆ ఇంట్లో పొయ్యి మీద రోజూ రెండు వంటలు. పెద్దాయనకు కొర్రన్నం, ఆకుకూర పప్పు. పిల్లలకు తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి, బంగాళాదుంప వేపుడు. కొర్రలు పొద్దున్నే నానబెట్టించి, వండి, గరిటెతో కొలిచి మూతపెట్టి ఆరున్నరకు వెళ్లిపోయేది స్వరాజ్యం. అయినా మూడు వారాలుగా, భోజనమైన రెండు గంటలకు చూస్తే షుగర్ మీటర్ రెండు వందల అరవై కిందికి దిగడం లేదు.

ఒక శనివారం మంజూష వంటింటి గుమ్మంలో నిలబడింది.

"స్వరాజ్యమ్మా, ఏమీ అనుకోకండి. కొర్రల్లో బియ్యం ఏమన్నా కలుపుతున్నారా?"

స్వరాజ్యం చేతిలో గరిటె ఆగింది. "నేనెందుకు కలుపుత మేడమ్? డబ్బా మీ ముందట్నే ఉన్నది, చూసుకోండ్రి."

"మరి ఎందుకు తగ్గట్లేదు? ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టాలంటున్నారు డాక్టర్ గారు. డైట్ భోజనం డబ్బాల్లో పంపేవాళ్లున్నారట. వచ్చే ఆదివారం దాకా చూస్తాను. తగ్గకపోతే వాళ్లకే చెప్పేస్తాను."

పని పోతుందన్న భయం ఉండనే ఉంది. తన చేతి వంట మీద పడిన అనుమానం అంతకన్నా ఎక్కువ మండించింది. సోమవారం వంట అయ్యాక స్వరాజ్యం వెళ్లలేదు. గట్టు తుడిచిందే తుడుస్తూ ఉండిపోయింది.

ఏడింటికి రామ్మోహనరావు తన కొర్రన్నం బుద్ధిగా తిన్నారు. చేయి కడుక్కోకుండానే పిల్లల కంచం ముందుకు లాక్కుని, అన్నంలో పప్పు, నెయ్యి వేసి కలిపారు. మెట్రో స్టేషన్లలా వరసగా ముద్దలు చేసి పెట్టారు.

"ఇది అమీర్‌పేట. ఇది పంజాగుట్ట. ఎర్రమంజిల్ ఎవరికి?"

"నాకు," అంది రవళి. ఖైరతాబాద్ దగ్గర ఇద్దరూ మూతి తిప్పుకున్నారు.

"మెట్రో మధ్యలో ఆగకూడదు," అని ఖైరతాబాద్ ఆయనే తినేశారు. ఆ తర్వాత లక్డీకాపూల్. పిల్లలు టీవీ ముందుకు పారిపోయాక కంచంలో మిగిలినదంతా ఊడ్చి తిన్నారు.

స్వరాజ్యం దగ్గరికొచ్చింది. "సార్, మీ కంచంలది నేను కొలిచి పెడుతున్న. పిల్లల కంచంలది ఎవరి ఖాతాల రాయాలె?"

"ఏంటి స్వరాజ్యం, పిల్లలు వదిలేసిన అన్నం పారేస్తామా? నాలుగు మెతుకులు."

"మెతుకులు గావు సార్, ఏడు ముద్దలు. లెక్కవెట్టిన."

తన కంచంలో ఉన్నదే తన తిండి అని ఆయన నిజంగానే అనుకుంటూ వచ్చారు. "బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఆడిటర్ గోల. ఇప్పుడు నువ్వు దాపురించావు. మంజూషకి చెప్తావా?"

చెబితే తన మీది అనుమానం ఆ క్షణమే పోతుంది. కానీ పిల్లలకు ఆయన అన్నం కలిపి పెట్టడం కూడా ఆ క్షణమే ఆగిపోతుంది.

"ఆదివారం దాకా చెప్ప. మీరు సుత నేను పెట్టినదే తినాలె," అంది.

ఆయన ఆ కంచంలోది మానరు కాబట్టి, పిల్లల వంట మారిస్తే తప్ప లాభం లేదు. కొర్రన్నం ఇసుకలా ఉందని రిషి ఎప్పుడో తేల్చేశాడు. మంగళవారం ఆమె సర్వపిండి పెట్టింది. పిండిని గిన్నె లోపల చేత్తో అద్ది, సన్నటి మంట మీద కాల్చే రొట్టె అది. మామూలుగా బియ్యప్పిండితో చేస్తారు. ఈమె జొన్నపిండితో చేసింది. తీస్తే పొడిపొడిగా రాలింది.

"ఆంటీ, ఇది మా స్కూల్ గ్రౌండ్ లాగా ఉంది," అన్నాడు రిషి.

"గ్రౌండ్ల ఆడుకుంటవు గదా, తిను మరి," అందే గాని, తప్పు ఎక్కడుందో ఆమెకు తెలిసింది. జొన్నకు జిగురు లేదు. బుధవారం పిండిని మరిగే నీళ్లతో కలిపింది. మూడో వంతు శనగపిండి, తురిమి పిండేసిన సొరకాయ, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, మెంతికూర వేసింది. పల్చగా అద్ది, రవళిని స్టూలెక్కించి వేలితో చిల్లులు పెట్టించింది. చిల్లుకో నూనె చుక్క వేసి మూత పెట్టింది. అంచులు కరకరలాడాయి. పక్కన గట్టి పెసరపప్పు, కీరా పెరుగుపచ్చడి.

పిల్లల వాటా ముక్కలుగా కోసింది. పెద్దాయన కంచంలో అరచేతిలో సగమంత ముక్కే పెట్టింది.

"ఇంతేనా?"

"మీదాంట్ల రెండు ముక్కలు తీసి పిల్లల కంచంల ఏసిన. ఆళ్లు వదిలితే అవి మీవే. మూడోది ముట్టుకుంటే మేడమ్‌కు ఫోన్ జేస్త."

ఆ రోజు పిల్లలే తింటూ మెట్రోను నాంపల్లి దాకా తీసుకెళ్లారు. గురువారం క్యారట్ తురిమిన పెసరట్టు. శుక్రవారం పల్చటి జొన్నరొట్టెలో గుడ్డు పొరటు చుట్టి ఇచ్చింది. శనివారం రిషి అది మళ్లీ కావాలన్నాడు. రెండు వంటలు పోయి ఒక్కటే మిగిలింది.

సోమవారం ఐదింటికి స్వరాజ్యం వచ్చేసరికి మంజూష సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. చేతిలో షుగర్ రాసే పుస్తకం. బుధవారం రెండు వందల ముప్పై ఒకటి. శుక్రవారం రెండు వందల నాలుగు. నిన్న నూట ఎనభై రెండు.

"ఇన్సులిన్ గురించి ఇంకో నెల చూద్దామన్నారు డాక్టర్ గారు. ఏం మార్చారు స్వరాజ్యమ్మా?"

స్వరాజ్యం చేతులు కడుక్కుంది. హాల్లోంచి రామ్మోహనరావు గొంతు సవరించుకున్నారు.

"ఆవిడ వంటలో ఎప్పుడూ తప్పు లేదమ్మా, తప్పు నాది. పిల్లల కంచంలో మిగిలింది రోజూ నేనే తినేవాణ్ణి. ఆవిడ పట్టుకుంది."

మంజూష పుస్తకం మూసింది. "బియ్యం కలుపుతున్నారా అని అడిగాను. ఏమీ అనుకోలేదు కదా?"

"అనుకున్న మేడమ్. వారమంతా అనుకున్న," అంది స్వరాజ్యం. "ఈ గిన్నె చిన్నగైతున్నది. నలుగురికి సరిపోయే మందపు గిన్నె ఒకటి తేండ్రి. మీరు సుత ఇదే తిందురు."

సొరకాయ తీసి తురమడం మొదలుపెట్టింది.