ఇన్‌స్పెక్టరు నిన్న వస్తాడు

నష్టాలు ముందే చెప్పేస్తాను. తర్వాత కథ వింటూ మీరు వేళ్లు మడుచుకోనక్కర్లేదు. కోడిపుంజు ఒకటి. అరవై నాలుగు పువ్వుల బంతిదండ ఒకటి. దాన్ని మేక తిన్నది. రెండు వందల పన్నెండు మాటలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటి. ఒక ఊరు ఊరంతటికీ ఒక పూట పని. ఇక నా పరువంటారా, దాన్ని కొలిచే మానిక నా దగ్గర లేదు కనుక లెక్కలో వేయలేదు. ఇన్నీ పోవడానికి కారణం రెండే రెండు మాటలు. ఆ రెండూ పలికింది నేనే.

అది యాభైల మొదట్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్లు. అరకు లోయలో ఒక చిన్న ఊరి బడికి నన్ను ఇంగ్లీషు మాస్టరుగా వేశారు. చీపురుపల్లి దగ్గరి మా ఊరి నుంచి డెబ్బై మైళ్లుంటుందేమో, నా మటుకు అది సముద్రాలవతలి దేశమే. ఘాటు రోడ్డు మలుపులు నలభై ఏడు దాకా లెక్కపెట్టాను. నలభై ఎనిమిదో మలుపులో నా కడుపు కూడా తిరిగి లెక్క తప్పింది. దిగి చూస్తే మంచు, చలి, కొండవాలంతా నూనెగింజల వలిసె చేలు, పచ్చటి పూలు. జనం మాట్లాడేది ఒరియా కలిసిన వేరే భాష. నాకు తెలిసిన తెలుగూ ఇంగ్లీషూ రెండూ అక్కడ చెల్లని నాణేలే.

నేను లెక్కలు బడిలో నేర్చుకున్నవాణ్ణి కాను. కళ్లాల్లో ధాన్యం కొలిచేవాళ్ల పక్కన నిలబడి సొంతంగా పట్టినవాణ్ణి. అందుచేత దేన్నయినా లెక్కపెట్టిగాని నమ్మను. భాషనూ అలాగే పట్టాలనుకున్నాను. రోజుకు నాలుగు మాటల చొప్పున యాభై మూడు రోజులు రాసుకున్నాను. అందులో ‘కాలి’ ఒకటి. బట్టలుతికే మనిషి ఎప్పుడొస్తాడంటే కాలి, కట్టెలెప్పుడు తెస్తారంటే కాలి. కాబట్టి కాలి అంటే రేపు. ‘అయిలా’ ఇంకొకటి. గుట్ట మీద పశువులు కాసేవాళ్లు "బస్సు అయిలా!" అని అరిచేవారు. రోడ్డు చూస్తే ఖాళీ. అయిదు నిమిషాలకు బస్సు వచ్చేది. పదకొండు సార్లు సరిచూశాను, పదకొండు సార్లూ అంతే. కాబట్టి అయిలా అంటే వస్తుంది. ఇంతకన్నా రుజువేం కావాలి చెప్పండి?

బడిలో మాత్రం చిన్న చిక్కొచ్చింది. ఆ వారం భూత, భవిష్యత్ కాలాలు చెబుతున్నాను.

"టుమారో అంటే?"

"కాలి!" అన్నారు పిల్లలు.

"భేష్. ఎస్టర్‌డే అంటే?"

"కాలి!"

"నిన్నకీ రేపుకీ తేడా తెలీదట్రా మీకు?" అని మొదటి జవాబుకు ఒక మార్కు, రెండోదానికి సున్నా వేశాను. దేవుడు ఆ రోజే నా చెవి మెలేసి చెప్పాడు. నేనే వినలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. ఇరవై అయిదుగురు పిల్లలు కనపడకపోతే ఇంగ్లీషు క్లాసు ఎత్తేస్తారు, దాంతోపాటు నన్నూ ఎత్తేస్తారు. హాజరుపట్టీలో ముప్ఫై ఒక్కమంది ఉన్నా, వలిసె కోతల రోజులు కావడంతో వచ్చేది తొమ్మిదిమంది. మిగతావాళ్లు తల్లిదండ్రులతో కొండెక్కేస్తున్నారు.

చాటింపు వేయాల్సిన బారికి, అంటే ఆ ఊరి కబుర్ల మనిషి, తెలుగొచ్చిన బుద్రు, పొరుగూరు వెళ్లాడు. దుకాణం సూరన్న మా మైదానం వైపు మనిషే, ఇరవై ఏళ్లుగా అక్కడ ఉప్పూ కిరసనాయిలూ అమ్ముతున్నాడు. ఆయన అన్నాడు కదా:

"సందేళకి బుద్రుగాడు వొచ్చెత్తాడు బాబూ. ఆడి పని ఆడ్ని సెయ్యనీండి."

"ఆలస్యమవుతుంది సూరన్నా. నేనే చెబుతాను."

"మీకొచ్చేటి ఈళ్ల బాస?"

"రెండు వందల పన్నెండు మాటలొచ్చు."

"నాకు లెక్క తెల్దు గానీ, ఇరవయ్యేళ్లయినా నాను ఉప్పు కాడే ఆగిపోనాను."

నేను ఆగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, అందులో ఉన్న వ్యాకరణమే మంచిది కాదు. కొత్త అల్లుడిలా తెల్ల పంచె కట్టి, నలభై గడపల ముందూ నిలబడి అరిచాను: "ఇన్‌స్పెక్టరు కాలి అయిలా!"

జనం తలలూపారు. కొందరు గుండెల మీద చేతులేసుకున్నారు. అధికారి రాకంటే ఎంత గౌరవమో అని మురిశాను. బుద్రు తల్లి మాత్రం గడపలోంచి లేచి, "గలా?" అని అడిగింది. ఈ మాట నా పుస్తకంలో లేదు. గలాటా అయి ఉంటుంది, పెద్ద అధికారి వస్తే హడావుడి ఉంటుందా అని అడుగుతోంది అనుకున్నాను. "గలా, గలా!" అన్నాను చేతులు బారచాపి. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

మర్నాడు పదకొండింటికి జీపు దిగిన ఇన్‌స్పెక్టరుగారికి బడిలో కనిపించిన ప్రాణులు రెండు. ఒకటి నేను. రెండోది ఆయన కోసం కట్టిన దండను నములుతున్న మేక.

"పిల్లలేరీ?" అన్నారాయన.

నేను నోరు తెరిచేలోగా బుద్రు వచ్చి వంగి దణ్ణం పెట్టాడు. ఆయన ముఖం ఎగాదిగా చూశాడు.

"అదేటి బాబూ, తమరు నిన్నొచ్చి ఎల్పోనారు గదా?"

"నేనా? నిన్న పాడేరులో ఉన్నాను."

"మేస్ట్రుబాబు సాటినాడంట. మా యమ్మ ‘ఎల్పోనాడా’ అని అడిగితే, ‘ఎల్పోనాడు, ఎల్పోనాడు’ అని రొండుమాట్లు సెప్పినాడంట. ఇంక బయం లేదని ఊరంతా పిల్లల్ని తోలుకొని కోతకి కొండెక్కీసింది."

ఇన్‌స్పెక్టరుగారు నా వైపు తిరిగారు. బుద్రు వెనకాలే వచ్చిన సూరన్న అడ్డొచ్చి విడమరిచాడు.

"బాబుది సిన్న తప్పే నెండి. ఈళ్లకి నిన్నా కాలే, రేపూ కాలే. ఎనకాలొచ్చే మాటని బట్టి తెలుసుకోవాల. అయిలా అంటే వొచ్చీసిందని. గుట్ట మీదోడికి బస్సు ముందే అగుపడిపోద్ది, అందుకని వొచ్చీసిందంతాడు. మేస్ట్రుబాబు కింద నిలబడి లెక్కెట్టుకున్నారు."

"పిల్లలకు ఈ వారం ఏం చెబుతున్నారు మాస్టారూ?"

"భూత, భవిష్యత్ కాలాలండీ."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "మూడింటికి బయలుదేరతాను. అప్పటికి ఎంతమందుంటే అంతమందినే రాస్తాను," అన్నారు. ఆయన కోసం వండించిన కోడిపుంజును చూసి, మాంసం ముట్టనని రెండు అరటిపళ్లు తిన్నారు.

నేను బుద్రు చేతులు పట్టుకున్నాను. "ఉద్యోగం పోతుంది బుద్రూ."

"సెప్పీసొత్తాను. ఈపాలి తమరు మాటాడకండి బాబూ," అని పరుగెత్తాడు.

వాడు తిరిగొచ్చేలోగా నేను లెక్కపెట్టనిది ఏదీ లేదు. బడి కప్పు మీది పెంకులతో సహా. రెండున్నరకు కొండ మీంచి ఒక వరస కదిలింది. ముందు పిల్లలు, వెనకాల కొడవళ్లు భుజాన వేసుకున్న పెద్దలు. బుద్రు తల్లి నేరుగా ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికెళ్లి ఏదో అడిగింది.

"ఏటంటోందయ్యా?" అన్నాడు సూరన్న.

"నిన్నొచ్చినోడు ఇయ్యాల మళ్లీ ఎందుకొచ్చినాడు, ఏటన్నా మర్సిపోనాడా అంతంది," అన్నాడు బుద్రు.

అప్పుడు నవ్వారు ఇన్‌స్పెక్టరుగారు. నవ్వుతూనే తలలు లెక్కపెట్టారు. ఇరవై ఎనిమిది. బడి తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టి, నా మాటల నోటుపుస్తకం మాత్రం తనతో పట్టుకుపోయారు, శిక్షణ తరగతుల్లో చదివి వినిపిస్తారట.

జీపు వెళ్లిపోయాక కూడా పెద్దలు కదలలేదు.

"ఇంకేమిటి బుద్రూ?"

"నీ పిలుపుకి పని ఒగ్గీసి దిగొచ్చినారు బాబూ. ఇంక ఆళ్లు పిలుత్తారు, నువ్వెల్లాల. మా పద్దతది. డబ్బులొద్దు, పనికి పనే."

లెక్కంటే నేను వెనకాడతానా! దిగొచ్చిన పెద్దలు ముప్ఫై ఏడుగురు, తలా ఒక పూట, మొత్తం పద్దెనిమిదిన్నర రోజులు. ఆ ఆదివారమే కొడవలి పట్టాను. సాయంత్రానికి నేను కోసిన వలిసెను బుద్రు తల్లి కాలితో కదిపి చూసి, "ఇది సగం రోజు," అని తీర్పు చెప్పింది. ఆ ధర మళ్లీ మారలేదు. కోత, కలుపు, మోత, ముప్ఫై ఆదివారాలు పనిచేస్తే పదిహేను రోజులు తీరాయి. ఇంతలో బదిలీ అయింది.

జీపు వెళ్లిన ఆ సాయంత్రమే బడి గుమ్మంలో నిలబడి ఒక ప్రమాణం కూడా చేశాను: ఈ జన్మలో ఎవరి రాకనూ ఇంకో ఊరి భాషలో నేను చాటను, తప్పనిసరైతే వచ్చినవాడు వెళ్లిపోయాకే చాటుతాను.

బాకీ మాత్రం అలాగే ఉంది. బుద్రు తల్లి లెక్కలో మూడున్నర రోజులు. నా కొడవలి లెక్కలో ఏడు.