డాక్టరుగారి తెరమీదికి రాని పేరు

ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల అట్టపెట్టెలు పేర్చిన గది పక్కన ఆమె కూర్చునే చోటు. ఏ కంప్యూటరు మొరాయించినా ఆమెకే ఫోను. అందరి నోటా పేరు "కంప్యూటరక్క". ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, ఇక్కడ ఈ గొడ్డుచాకిరీ. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ మధ్యాహ్నం పైనుంచి నర్సు పిలిచింది.

"అక్కా, ఒక పెద్దావిడ పొద్దుట్నుంచీ కూర్చునే ఉంది. చీటీ ఉంది, పేరు మాత్రం డాక్టరుగారి తెరమీద రావట్లేదు."

"చూడకుండా 'తర్వాత' మీట నొక్కేసుంటారు."

"నేనూ నొక్కి చూశా. ముందాయన వస్తున్నాడు, వెనకాయన వస్తున్నాడు. ఈవిడే రాదు."

లిఫ్టు పనిచేయడం లేదు. ఉసూరుమంటూ మెట్లెక్కింది. గోడవార బల్లమీద పెద్దావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తోంది.

"అడగలేకపోయారా అమ్మా?"

"అందర్నీ పిలుస్తున్నారు కదా తల్లీ, నన్నూ పిలుస్తార్లే అనుకున్నా."

ఆవిణ్ణి చెయ్యిపట్టి డాక్టరు గదిలోకి తీసుకెళ్లింది.

"ఇలా రోజూ జరుగుతుందా?" అని నర్సునడిగింది.

"ఒకరిద్దరు విసుగొచ్చి వెళ్లిపోతుంటారక్కా. మామూలే."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కిందికి వచ్చి, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లినవాడు రాసిన ప్రోగ్రాం తెరిచింది. 'తర్వాత' నొక్కితే అది అప్పుడు తెరమీదున్న మనిషి కంటే ఆలస్యంగా నమోదైనవాళ్లను వెతుకుతోంది. పెద్దావిడా, ఆమె ముందాయనా రెండు కౌంటర్లలో ఒకే నిమిషంలో నమోదయ్యారు. ఆయన కంటే ఆవిడ ఆలస్యం కాదు కాబట్టి, ఆవిణ్ణి దాటేసి పోయింది. సమయం ఒకటే అయితే చీటీ నంబరు చూడమనాలి. అది ఏ ఇద్దరికీ ఒకటి కాదు.

మేనేజరుకు చెబితే మొహం చిట్లించాడు. "ఇన్నాళ్లూ నడిచింది కదమ్మా, ఇప్పుడు కెలకడం దేనికి?"

"ఇన్నాళ్లూ మనుషులు చూపించుకోకుండానే వెళ్లిపోయారు సార్."

"సరే, చెడితే పూచీ నీదే."

దిద్దింది. ఒకే నిమిషానికి రెండు ఉత్తుత్తి పేర్లు ఎక్కించి నొక్కింది. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వెనక్కి నొక్కినా వచ్చాయి. సంతోషించే ఓపిక కూడా లేదు. కాసేపు బల్లమీద తల వాల్చింది.

మర్నాడు డాక్టరు ఫోను.

"ఏం చేశారండీ, ఇవాళ జనం ఎక్కువయ్యారు!"

"ఎక్కువవలేదండీ. రోజూ వస్తున్నవాళ్లే."

ఆయన ఇంకేదో అంటుండగానే రెండో ఫోను మోగింది. పైన ప్రింటరు ఆగిపోయిందట. చెప్పుల్లో కాళ్లు దూర్చి లేచింది.