ఆడబిడ్డకు మొదటి కత్తి

ఈమధ్య మా వీధిలోకి పాత ఇనుప సామాన్ల బండి తరచుగా వస్తోంది. పూర్వం ఆ బండివాళ్ళు గొంతు చించుకుని అరిచేవాళ్ళు. ఇప్పుడు మైకులో రికార్డు పెట్టి, తాపీగా సెల్‌ఫోను చూసుకుంటూ తోలుతున్నారు. నిన్న పొద్దున ఆ బండి మా గేటు ముందు ఆగింది. బండతను ప్రహరీ మీదుగా పెరట్లోకి తొంగిచూసి, "అమ్మా, ఆ మూల గోనెపట్టా కింద ఇనప ఫ్రేమేదో కనపడతంది, వేస్తారా?" అని అడిగాడు. "వేసేది లేదు, వెళ్ళు" అన్నాను. "తుప్పు పట్టిపోతందిగామ్మా" అన్నాడు. "పట్టనీ, నీకెందుకు?" అని కసిరాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు. ఆ గోనెపట్టా కింద ఉన్నది మా ఆయన తన చేతులతో కట్టుకున్న గ్యాసు కొలిమి. దాంట్లో మంట వెలిగి చాలాకాలమైంది. దాన్ని చూస్తే ఎవరికైనా మా ఆయన పనితనం గుర్తుకు రావాలి. నాకు మాత్రం ముందు కుళ్ళు గుర్తుకొస్తుంది. ఎవరి మీదంటే మా ఆడబిడ్డ మీద. దాచుకోవడమెందుకు, ఈ వయసులో.

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. మా ఆడబిడ్డది పొన్నూరు. మా ఆయనకంటే బాగా పెద్దది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. అందుకు నాకు గౌరవమే, కాదనను. కానీ పెంచినావిడ పెళ్ళి చేసి అప్పగించాక కాస్త పక్కకి తప్పుకోవాలా, వద్దా? నేను కాపరానికొచ్చిన కొత్తల్లో గోంగూర పచ్చడి చేసిపెడితే మా ఆయన లొట్టలేసుకుంటూ తిన్నారు. నా మనసు నిండేలోపే "అక్కయితే దీంట్లో ఇంకో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేస్తుంది" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో వెల్లుల్లి వాసన వస్తే నాకు పొన్నూరే గుర్తొస్తుంది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. కళ్ళెత్తి చూస్తే చాలు, క్లాసంతా గప్‌చిప్‌గా కూర్చునేది. ఇంట్లో మాత్రం నా మాట విని ఊఁ కొట్టే మనిషి, అక్కగారి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడేవారు. పొన్నూరులో ఉన్నావిడకి ఈయన నిలబడ్డాడో కూర్చున్నాడో ఎట్లా తెలుస్తుందని నేనడిగితే, "తెలుస్తుంది" అనేవారు.

మా ఆయన పత్తి జిన్నింగు మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మిల్లు మోతకి అలవాటుపడ్డ చెవులకి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని కొన్నాళ్ళు మంచం పట్టినవాడిలా కూర్చున్నారు. తర్వాత ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. గడ్డాలు పెంచుకున్న తెల్లవాళ్ళు పెరట్లో ఇటుకలు పేర్చి, దాంట్లోకి గ్యాసు వదిలి, ఇనుము ఎర్రగా కాల్చి కత్తులు చేస్తుంటారు. బొగ్గు లేదు, తిత్తులు ఊదే పని లేదు. భోజనం చల్లారిపోతున్నా ఈయన కన్నార్పకుండా అవే. ఒకరోజు పెరడంతా అటూ ఇటూ నడిచి, మా మల్లెపాదు దగ్గర ఆగారు. దక్షిణపు గోడవార అదొక్కటే మంచి చోటట. ఆ మల్లెపాదు నేను బడినుంచి రాగానే ముందుగా పలకరించే మనిషి. కుదరదన్నాను. బతిమాలారు. చివరికి బేరం పెట్టాను. "సరే, పాదు తీయిస్తాను. కానీ దాంట్లో తయారైన మొదటి కత్తి నాకివ్వాలి. ఇంకెవరికీ కాదు" అన్నాను. "నీకు కాక ఎవరికిస్తాను? ఒట్టు" అని నా నెత్తిన చెయ్యి పెట్టారు. ఆ సాయంత్రమే ఆఖరి మొగ్గలు కోసి మాల కట్టుకున్నాను.

మంట తట్టుకునే ఫైర్ బ్రిక్స్ కావాలన్నారు. పిడుగురాళ్ళలో ఈయన స్నేహితుడిది మూతపడ్డ సున్నపు బట్టీ ఒకటుంది. దాని లోపలి గోడలోంచి ఊడదీసిన ఇటుకలు ఊరికే వస్తున్నాయని ట్రాలీ ఆటోలో వేయించుకుని వచ్చారు. దింపేటప్పటికి ఈయనా డ్రైవరూ ఇద్దరూ పిండిమరలోంచి బయటికొచ్చినట్టున్నారు. ఇనప యాంగిల్స్ వెల్డింగు చేయించి చట్రం కట్టారు. అందులో సిమెంటూ గిమెంటూ లేకుండా ఇటుకకి ఇటుక ఆనించి ఒక గూడు పేర్చారు. పక్కనుంచి బెజ్జం చేసి, గొట్టంతో తయారుచేసిన బర్నరు దూర్చారు. హోటళ్ళవాళ్ళకిచ్చే సిలిండరు వేరే తెప్పించారు. నా వంటింటి సిలిండరు మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోనని ముందే చెప్పాను. రైలుపట్టా ముక్క ఒకటి మొద్దు మీద బిగించి, కాలిన ఇనుము పెట్టి కొట్టడానికి అదే దాగలి అన్నారు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. పక్కింటావిడని పిలిచి చూపించాను కూడా. ఇక ముట్టించడమే తరువాయి అనుకుంటుండగా మా ఆయన పంచాంగం తీశారు. "మంచిరోజు చూసి అక్కని పిలుద్దాం. ఆవిడ చేతి మీదుగా మొదలైతే కలిసొస్తుంది" అన్నారు. మల్లెపాదు నాది, కొబ్బరికాయ ఆవిడది!

ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. గూడు చుట్టూ తిరిగి చూసి, "మా తమ్ముడి చేతిలో ఏదుందో గానీ" అంది. అర్ధగంట క్రితం అదే మాట నేనంటే మా ఆయన వినిపించుకోలేదు. ఇప్పుడు మొహం చేటంత చేసుకున్నారు. ఆవిడ చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చి కొలిమి మీదా లోపలా చల్లింది. చల్లిన చోటల్లా తెల్లటి ఇటుకలు ఎర్రబడ్డాయి, అచ్చం పారాణి పూసినట్టు. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"చూశావా తమ్ముడూ! ఎవరి కళ్ళో గట్టిగానే పడ్డాయి నీ కొలిమి మీద. దిష్టంతా ఎట్టా బయటికొస్తందో చూడు" అని, కొలిమి వంక కాకుండా నా వంక చూసింది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు వదినగారూ" అన్నాను. "అవి సున్నపు బట్టీ ఇటుకలు. పసుపుకి సున్నం తగిలితే ఎర్రనే అవుతుంది. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా చెప్తారు. వాటిలో ఇంకిన సున్నం తడిస్తే ఉబ్బి ఇటుకలు పాడవుతాయి. ఇవాళ ముట్టించకండి."

"శుభమా అని పని మొదలెడతంటే పాఠాలేంటి టీచరమ్మా?" అన్నారు మా ఆయన. నాది శాస్త్రం, అక్కగారిది ఆశీర్వాదం. ఆవిడ గూడు మూతి దగ్గర ఇటుక అంచుకేసి కొబ్బరికాయ కొట్టింది. నీళ్ళు ఒక్క చుక్క పోనివ్వకుండా లోపలే పోసింది. ఇటుకలు సన్నగా చిమచిమలాడాయి. అవి కూడా నీళ్ళు తాగుతున్నాయని ఆవిడ మురిసిపోయింది.

గ్యాసు తిప్పి అగ్గిపుల్ల చూపగానే గుయ్యిమని మంట లేచింది. మా ఆయన కళ్ళల్లో జిన్నింగు మిల్లు మళ్ళీ తెరిచినంత సంతోషం. కాసేపటికి లోపల టప్పుమని ఒక చప్పుడు. ఇంకో టప్పు. మూడోసారి ఇటుక ముక్క ఒకటి ఎగిరొచ్చి నేను ఎండబెట్టుకున్న మిరపకాయల చాప మీద పడింది. ఈయన గ్యాసు కట్టేసేలోపు పైకప్పు ఇటుకలు రెండుగా చీలి లోపలికి కూలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే అదృష్టం. చెప్పానా లేదా అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అనకపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "నే చెప్పలా, దిష్టి!" అని నా చాప మీది మిరపకాయలు గుప్పెడు, రాళ్ళుప్పు గుప్పెడు తీసుకుని, తమ్ముడికి ముమ్మారు తిప్పి, ఇంకా కణకణలాడుతున్న ఆ కొలిమిలోనే పడేసింది. గుంటూరు మిరపకాయలండీ! ఘాటు పెరడంతా నిండి, గోడ దాటి వీధిలోకి పోయింది. పక్కింటివాళ్ళు తలుపులేసుకున్నారు. ముగ్గురం ముక్కులు మూసుకుని దగ్గుతూ వసారాలోకి పరిగెత్తాం. దిష్టి ఉంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదని ఆవిడే వెనకెప్పుడో నాకు చెప్పింది. కళ్ళనీళ్ళు కారుతుండగా ఆ మాట ఆవిడకి గుర్తుచేశాను. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ దగ్గలేదు.

ఈయన గుంటూరు వెళ్ళి కొత్త ఫైర్ బ్రిక్స్ కొనుక్కొచ్చారు. బాగా ఎండబెట్టి, మొదట చిన్న మంట మీద నెమ్మదిగా కాచి, ఈసారి సరిగ్గా కట్టారు. కొబ్బరికాయ గడప మీద కొట్టాం. ఆ చలికాలమంతా లారీ కమాను పట్టీ ముక్కల్ని కాల్చడం, కొట్టడం, పాడుచెయ్యడం. ఎర్రగా కాలిన ఇనుముని వేరుశెనగ నూనెలో ముంచితే బజ్జీల వాసన వచ్చేది. ఎండలు ముదిరి మామిడికాయలు బజారులోకి వచ్చే వేళకి ఒక కత్తి తయారైంది. ఆవకాయ ముక్కలు టెంకతో సహా కొట్టే బరువైన కత్తి. కిటికీలోంచి చూసి నేను ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను. చేతికిచ్చినప్పుడు ఎట్లా ఆశ్చర్యపోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే ఆ కత్తి పేపర్లో చుట్టి ఈయన సంచిలో ఉంది. ఈయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. "పొన్నూరు పోయొస్తా. అక్క కత్తి పిడి ఊడిపోయిందంట, ఆవకాయ పెట్టుకోవాలిగా" అన్నారు.

నెత్తిన పెట్టిన చెయ్యి ఏమైందని నేనడగలేదు. అడిగితే జవాబు చెప్తారు, జవాబు వింటే కోపం తగ్గుతుంది, తగ్గడం నాకిష్టం లేదు. చాలా రోజులు మా ఇంట్లో మాటలు టీవీతో సాగాయి. "అన్నం వడ్డించానని చెప్పు" అని నేను టీవీకి చెప్పేదాన్ని. "వస్తన్నానని చెప్పు" అని ఆయన టీవీకి చెప్పేవారు. పొన్నూరులో ఆవిడ ఆ కత్తిని వీధి వీధంతా చూపించిందని, "మొదటిది నాకే ఇచ్చాడు" అని గుడిలో కూడా చెప్పిందని కబురొచ్చింది. వెనకే ఆ కత్తితో కొట్టిన ముక్కల ఆవకాయ జాడీ వచ్చింది. అది బాగోలేకపోయినా కొంత ఊరటగా ఉండేది. దిక్కుమాలిన ఆవకాయ, అద్భుతంగా ఉంది.

తర్వాత ఈయన చెయ్యి కుదిరింది. పక్కింటివాళ్ళకి కొడవలి, చిలకలూరిపేటలో మా పెదనాన్న కొడుక్కి పార, అడిగినవాళ్ళకల్లా ఏదో ఒకటి. నేను మాత్రం నోరు తెరిచి అడగాల్సిన అవసరం లేదనుకున్నాను. రెండు మూడుసార్లు "నీకేం చెయ్యను?" అన్నారు. "అందరూ తిన్నాక విస్తరి నాకెందుకు?" అన్నాను. చివరికి ఒకనాటి మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా నా ముందు ఒక కత్తిపీట పెట్టారు. టేకుచెక్క పీట, దాని మీద కొంగమెడలా వంగిన అలుగు. వంకాయ పెడితే నొక్కకముందే తెగింది. అంతటి పనితనం ఆయన చేతిలోంచి అంతకుముందు రాలేదు. ఆ మాట నేనే అన్నాను, టీవీకి కాదు, ఆయనకే. అప్పుడు చెప్పారు. "మొదటిది వంకరగా వచ్చిందే. మధ్యలో సన్న పగులు కూడా ఉంది. అక్కయితే వంకరని చూడదు, కళ్ళకద్దుకుంటది. నీకు వంకరది ఎట్టా ఇస్తా? నీకిచ్చేది బాగా చెయ్యడం వచ్చాక ఇద్దామని ఆగా."

వినడానికి ఎంత బాగుంది! ఇంకో ఆడదయితే కరిగిపోయేది. నేను ఆ రాత్రంతా ఉడికిపోయాను. వంకరదైనా, పగులున్నదైనా ఇవ్వగలిగినంత చనువు అక్క దగ్గర ఉంది. నా దగ్గరకొచ్చేసరికి ఆయన పరీక్ష రాసే పిల్లాడైపోయారు. ఇన్నేళ్ళ కాపరంలో నేను కోరుకున్నది ఆ వంకర కత్తినే, వంక పెట్టలేని ఈ కత్తిపీటని కాదు. ఈ మాట ఆయనకి చెప్తే అర్థం కాదని చెప్పలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన కుడిభుజం పట్టేసింది. కీలు అరిగిందని, ఇక సుత్తి పట్టొద్దని డాక్టరు చెప్పారు. ఆపరేషను చేశారు. నయమైంది గానీ చెయ్యి భుజం పైకి లేవదు. కొలిమి మీద నేనే గోనెపట్టా కప్పాను. చేతికి ఇంకా కట్టు ఉండగానే తమ్ముణ్ణి చూడ్డానికి పొన్నూరునుంచి ఆవిడ వచ్చింది. ఇప్పుడు ఆవిడా కర్ర ఊతంతో నడుస్తోంది. వంటింట్లో నాకు సాయం చేస్తానని కూర్చుని, కత్తిపీట ముందుకు లాక్కుని సొరకాయ తరగబోయింది. ముక్కలు వాటంతటవే జారిపడుతుంటే ఆగిపోయింది. అలుగు వెనకవైపు వేలితో నిమిరింది. అప్పుడు ఆవిడ మొహంలో కనిపించింది నాకు బాగా తెలిసిన మొహమే. ఇన్నేళ్ళు అద్దంలో చూసుకుంటున్నాను కదా.

"ఇంత మంచిది నీకు చేశాడా?" అంది.

"మొదటిది మీకేగా వదినగారూ" అన్నాను.

"మొదటిదైతే ఏం చేసుకోను అమ్మాయ్? అది ఇప్పుడు ఉల్లిపాయ కూడా కొయ్యట్లా. పోనీలే, వాడింకా చేస్తాడుగా, మంచిది ఇంకోటి అడుగుదామనుకున్నా ఇన్నాళ్ళూ."

వసారాలో ఆయన ఎడంచేత్తో చెంచా పట్టుకుని పెరుగన్నం తింటున్న చప్పుడు వినిపిస్తోంది. మార్చుకుందామని ఆవిడ అడగలేదు. అడిగితే నేను ఇచ్చేదాన్ని కాదు. అలాగని ఆవిడ ఇంట్లో ఉన్న ఆ వంకరదాని మీద నా ఆశా చావలేదు. ఇద్దరం ఒకరిని చూసి ఒకరు కుళ్ళుకుంటూ సొరకాయ తరగడం పూర్తిచేశాం. ఒక మనిషి చేతిలో మొదటిది ఏదో ఆ రోజే ఊరంతా తెలుస్తుంది. చివరిది ఏదో మాత్రం చేసినవాళ్ళకీ, అందుకున్నవాళ్ళకీ కూడా ఆ రోజు తెలియదు. కాలం దాటిపోయాక, ఎప్పుడో కూరగాయలు తరుగుతుంటే తెలుస్తుంది.