లోపాలు ముందు రాసిన ప్రపోజల్

ఓర్వకల్లులో విమానాలు దిగడం మొదలైన ఏడాది నన్ను కర్నూలు బ్రాంచికి మేనేజరుగా వేశారు. మురికినీటిని శుద్ధిచేసే యంత్రాలు అమ్మే కంపెనీ మాది. బ్రాంచి అంటే ఒక గది, నేను, సర్వీస్ ఇంజనీరు సునీత, అంతే. ఆ ఎండాకాలంలో పెద్ద ఆర్డరు ఒక్కటైనా రాకపోతే బ్రాంచి మూసేస్తామని హైదరాబాదు ఆఫీసు తేల్చిచెప్పింది. నాకు రిటైర్మెంట్ దగ్గర్లోనే ఉంది, బెంగ లేదు. సునీత ఇంట్లో మాత్రం జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

ఆశ ఉన్నది ఒక్కచోటే. బేతంచెర్ల వైపు నాగిరెడ్డి, ఆయన ఇద్దరు తమ్ముళ్లు నడిపే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. పాలిష్ చేసినప్పుడు పారే బురదనీటిని ఫిల్టర్ ప్రెస్ అనే యంత్రం గుడ్డల మధ్య పిండి, నీటిని మళ్లీ వాడుకునేలా చేస్తుంది. ట్యాంకర్లతో నీళ్లు తోలించుకునేవాళ్లకు అది చిన్న విషయం కాదు. హెడ్డాఫీసు నమూనా ప్రకారం రంగుల ప్రపోజల్ ఇచ్చాను. ముందు మా కంపెనీ ఘనత, తర్వాత యంత్రం గొప్పలు, చివర్లో ధర. నాగిరెడ్డి పేజీలన్నీ తిప్పి, “ఏమప్పా, అన్నీ మంచివే రాసినావు. చెడ్డది యాడుండాది?” అన్నాడు.

కాగితాలు సర్దుకుని బయటికొచ్చాను. అక్కడ ఆయన తమ్ముడొకడు బెంగళూరు వ్యాపారికి రాళ్లు చూపిస్తున్నాడు. ధర మాట ఎత్తకముందే బీటలున్న పలకల్ని సుత్తితో తట్టి, ఆ డొల్ల చప్పుడు వినిపించి, పక్కన పెట్టించాడు. మిగతా రాళ్లను వ్యాపారి తట్టి చూడనేలేదు. ఆ ఇంటి వ్యాపార పద్ధతే అదని తర్వాత తెలిసింది.

సునీతా నేనూ కూర్చుని, ఆ తమ్ముడిలాగే చెడ్డది ముందు పెట్టి, ప్రపోజల్ తెలుగులో మళ్లీ రాశాం. బురద మరీ చిక్కనైతే గుడ్డలు మూసుకుపోతాయి, చిరుగుతాయి, మార్చేదాకా యంత్రం ఆగుతుంది. ఇదే మొదటి పేరా. అప్పుడు వచ్చి బాగుచేసేది ‘కంపెనీ ప్రతినిధి’ అని రాయబోతే సునీత అడ్డుపడింది. “నా పేరే రాయండి సార్. పోయేది నేనే గదా,” అంది. హైదరాబాదులో మా పై అధికారి అది చూసి మండిపడ్డాడు. ఆర్డరు పోతే బాధ్యత నాదేనని చెప్పి, సునీతతో కలిసి దాన్ని అలాగే ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను.

మధ్యాహ్నం యంత్రాలు ఆపి అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుంటే చదివి వినిపించాను. మొదటి పేరాను నాగిరెడ్డి రెండోసారి చదివించుకున్నాడు. ఇంకో కంపెనీ తక్కువకే ఇస్తానంటోందని దాచకుండా చెప్పి, సునీత వైపు తిరిగాడు.

“ఏం పాపా, నువ్వు ఈడ్నే ఉంటావా?”

“ఈ ఏడు ఉంటాను పెద్దాయనా. మళ్లీ ఏడు మా బ్రాంచి ఉంటాదో లేదో నాకు తెలీదు.”

ఆర్డరు పోయిందనుకున్నాను. నాగిరెడ్డి నా చేతిలోని కాగితం వైపు చూపించాడు. “అట్లయితే అది గూడా రాయప్పా. మిషన్ ఉన్నన్నాళ్లూ ఈ పాప కర్నూల్లోనే ఉండల్ల. దానికి మీవాళ్లు ఒప్పుకుంటే సంతకం పెడతా,” అన్నాడు.

ఆర్డరు చెయ్యిజారనివ్వడం ఇష్టంలేక హెడ్డాఫీసు ఒప్పుకుంది. నేను రిటైరయ్యాను, బ్రాంచి ఇంకా ఉంది. ఆ ఇరుకు గది, ప్రపోజల్ రాస్తూ సునీతతో మాటమాటకూ పడ్డ వాదన తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది.

యంత్రం గొప్పతనం చూసి ఎవరూ సంతకం పెట్టరు, అది ఆగిన రోజున వచ్చేదెవరో చూసి పెడతారు. ఇది నేను అక్కడ నేర్చుకున్నాను. అన్ని లోపాలూ రాశామనుకున్న కాగితంలో మేం రాయనిది ఒక్కటే, మా బ్రాంచి సంగతి. సునీత నోటితో చెప్పిన ఆ లోపమే బ్రాంచిని నిలబెట్టింది.